మొదలు దొరకని ఉంగరం

దేవరుప్పులలో సోమాచారి దుకాణం ఎక్కడని అడిగితే దారిన పోయే ఎవరైనా చూపిస్తారు. ముందు గదిలో గాజు పెట్టె, తక్కెడ, వచ్చినవాళ్ళకు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. వెనక గదిలో కుంపటి, దాగలి, పనిముట్లు. రెండు గదుల మధ్యన పూల పరదా ఒకటి. పరదాకు ఇవతల కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడేది సోమాచారి. అవతల కూర్చుని నగ చేసేది ఆయన భార్య యాకమ్మ. మొదటి సంగతి ఊరందరికీ తెలుసు. రెండోది వాళ్ళిద్దరికే తెలుసు.

మూడేండ్ల కింద బీపీ ఎక్కువై సోమాచారి వరంగల్ దవాఖానలో తొమ్మిది రోజులు పడుకున్నాడు. తిరిగొచ్చాక మాట సాఫీ అయింది, నడక సాఫీ అయింది, కుడిచేతి వేళ్ళకు మాత్రం వణుకు అంటుకుంది. చాయ్ కప్పు పట్టుకుంటే సాసరు గలగలమనేది. ఇట్లా వణుకుతుంటే పని ఎట్లా చేస్తున్నావని ఎవరైనా అడిగితే, పని మీద కూర్చుంటే వణుకు దానంతటదే ఆగిపోతుందని చెప్పేవాడు. అంత ధీమాగా చెప్పేవాడు గనుక అందరూ నమ్మారు. నిజానికి దవాఖాన నుంచి వచ్చిన మర్నాడే పటకారు యాకమ్మ చేతిలోకి వచ్చింది.

ఈ అబద్ధమంతా పుస్తెల కోసం. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పెండ్లి ఖాయమైందంటే, ఇంటివాళ్ళు పళ్ళెంలో బియ్యం, బెల్లం, ఆకులు, వక్కలు, పసుపుకుంకుమ పెట్టుకుని అవుసలి, అంటే కంసాలి ఇంటికి వస్తారు. ఆయన స్నానం చేసి, దాగలికి బొట్టు పెట్టి, తూర్పుకు తిరిగి కూర్చుని బంగారం మీద మొదటి దెబ్బ వేస్తాడు. పుస్తెలు మగవాడి చేతి మీదుగానే కావాలని ఎక్కడ రాసి ఉందో ఎవరూ చూడలేదు. ఆడమనిషి చేసిందని తెలిస్తే మాత్రం పళ్ళెం పట్టుకుని ఒక్కరు కూడా గడప తొక్కరని సోమాచారికి గట్టి నమ్మకం. గొలుసులు, కమ్మలు చాలావరకు జనగామ షోరూముల పాలైపోయాక ఆ దుకాణానికి ముఖ్యంగా మిగిలినవి పుస్తెలూ మట్టెలే. అవి కూడా పోతే కుంపటి ఆరిపోతుంది. అందుకని మొదటి దెబ్బ ఆయన నలుగురి ముందు ఎట్లాగో వేసేవాడు. వాళ్ళు వెళ్ళిపోయాక మిగతాదంతా పరదా వెనక జరిగేది.

యాకమ్మ ఈ పని మొగుని దగ్గర నేర్చింది కాదు. ఆమె పుట్టింది మానుకోట దిక్కున గూడూరులో. అన్నారం యాకూబ్ దర్గాలో మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. తండ్రి తండాలవాళ్ళకు వెండిపని చేసేవాడు, అంటే జడల పక్కన వేలాడే ఘూగ్రీలు, చేతి కడియాలు, కాలి కడియాలు. కొడుకులు లేకపోవడంతో ఎనిమిదేండ్ల బిడ్డనే ఎదురుగా కూర్చోబెట్టుకుని కమ్మెచ్చు పట్టించాడు. కమ్మెచ్చు అంటే ఒకదానికంటే ఒకటి సన్నగా వరుసగా రంధ్రాలున్న ఉక్కు పలక. తీగను వాటిలోంచి లాగి లాగి దారమంత సన్నం చేయాలి. ఆ పిల్లకు పన్నెండేండ్లప్పుడు, తండా నుంచి సోమ్లీ అనే పెద్దామె వచ్చి కొత్త ఘూగ్రీలు చెవి దగ్గర ఆడించుకుని, ఈసారి చెయ్యి మారింది, మంచిగా మారింది అన్నది. తండ్రి నవ్వి ఊరుకున్నాడు. ఎవరి చెయ్యో చెప్పలేదు.

అది జరిగి నలభై అయిదేండ్లు, ఎవరి చెయ్యో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. యాకమ్మకు ఇందులో బాధ లేదంటే అది పచ్చి అబద్ధం. పెండ్లికి పోతే పెండ్లికూతురు మెడలో తను చేసిన పుస్తెలు కనబడేవి. అందరూ సోమాచారి పనితనాన్ని మెచ్చుకుంటుంటే పక్కనే నిలబడి అక్షింతలు వేసి వచ్చేది. ఇవి నా చేతులతో చేసినవని ఒక్కసారైనా, ఒక్క మనిషితోనైనా అనాలని ఆమెకు ఉండేది. అంటే పుస్తెల పళ్ళాలు ఆగిపోతాయి గదా అని నోరు మూసుకునేది.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున ప్రదీప్ వచ్చాడు. ఆ వాడకట్టులోనే ఉండే సువార్త కొడుకు, కరెంటు ఆఫీసులో లైన్‌మన్, ఉద్యోగం భూపాలపల్లిలో. ఒకసారి స్తంభం దిగుతుంటే మోచెయ్యి చీరుకుపోయి కట్టు కోసం దవాఖానకు పోయాడు. ఆ కట్టు కట్టిన నర్సు పేరు షారోన్, రేగొండ పిల్ల. గాయం వారానికి మానింది గానీ కట్టు మార్పించుకోవడానికి ఈయన నెలరోజులు తిరిగాడట. ఇప్పుడు ఇద్దరికీ రేగొండ చర్చిలో పెండ్లి. చర్చిలో ఉంగరాలు మార్చుకుంటారు గదా, షారోన్‌కు కావలసిన ఉంగరం బొమ్మ ఫోన్‌లో పట్టుకొచ్చాడు.

ఆ ఉంగరం ఇక్కడివాళ్ళు చూసిన ఏ ఉంగరంలాగానూ లేదు. తీగలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, మళ్ళీ కిందికి దూరి, అల్లుకుంటూ పోయి మొదలూ చివరా దొరకని ముడి. ముడి నడుమ రెండు రాళ్ళు, ఒకటి పెండ్లికొడుకు పుట్టిన నెలది, ఒకటి పెండ్లికూతురు పుట్టిన నెలది. సెల్టిక్ ముడి అంటారని, ఐర్లాండు దిక్కున పాతకాలపు పని అని, ప్రేమకు మొదలూ చివరా ఉండదని దాని అర్థమని ప్రదీప్ సిగ్గుపడుతూనే వివరించాడు. జనగామలో పెద్ద షోరూముకు పోతే అచ్చులో పోసి పైన గీతలు కొట్టి ఇస్తామన్నారట, అది కూడా నెల దాటుతుందన్నారట. పెండ్లికి పదహారు రోజులే ఉంది. మీతోని అయితదా పెద్దబాపూ అని అడిగాడు.

షోరూము వాళ్ళతో కానిది అనేసరికి సోమాచారికి ఎక్కడలేని రోషం వచ్చింది. ఎందుకు కాదని ఒప్పేసుకున్నాడు. రాళ్ళు తెచ్చిమ్మన్నాడు. పిల్లవాడు సంబరంగా వెళ్ళిపోయాక పరదా జరిపి లోపలికొచ్చి, ప్రదీప్ బొమ్మ పంపించిపోయిన తన ఫోన్‌ను తప్పు చేసినవాడిలాగా యాకమ్మ ముందు పెట్టాడు.

ఆమె ముందు నాలుగు మాటలతో కడిగేసింది. ఒప్పుకునే నోరు ఒకరిది, చేసే చేతులు ఒకరివి అయితే ఇట్లాగే ఉంటుందన్నది. తర్వాత కండ్లద్దాలు తుడుచుకుని బొమ్మ చూసింది. ఇందులో నాలుగు తీగలున్నాయని, నాలుగింటినీ అతికితే నాలుగు అతుకులు కనబడతాయని సోమాచారి తేల్చాడు. ఆమె జవాబివ్వకుండా లేచి, డబ్బాలోంచి గుప్పెడు బియ్యప్పిండి తెచ్చి నేల మీద చుక్కలు పెట్టింది. చుక్కల చుట్టూ వేలు తిప్పుతూ పోయి, ఎక్కడా చెయ్యి ఎత్తకుండా, మొదలుపెట్టిన చోటుకే వచ్చి ఆపింది.

"గిది మెలికల ముగ్గు. నాలుగు తీగలు కావు, ఒక్కటే తీగ," అన్నది.

నలభై ఏండ్లుగా పొద్దుపొద్దున్నే వాకిట్లో వేస్తున్న ముగ్గును ఐర్లాండువాళ్ళు వేలికి పెట్టుకుంటున్నారన్న మాట. సోమాచారి పిండిగీతను వెంబడి చూసి చూసి, అతుకు ఒక్కటైనా కనబడుతుంది గదా అన్నాడు. రాయి కూర్చునే చోటు కింద దాస్తానన్నది యాకమ్మ.  ఆ పూట భోజనం చేస్తూ ఆయన, తన తండ్రికి కూడా ఈ ఉపాయం తోచేది కాదని ఒప్పుకున్నాడు. సోమాచారి నోట తండ్రి పేరు వచ్చిందంటే అది చిన్న మెప్పు కాదు.

బంగారం కరిగించి, సాగగొట్టి, కమ్మెచ్చులో ఏడు రంధ్రాలు దాటించి తీగ తీసింది. తీగ మీదికి ఒకసారి, కిందికి ఒకసారి పోవాలి. ఒక్కచోట వరుస తప్పినా ముడంతా విప్పాల్సిందే. రెండుసార్లు విప్పింది కూడా. తీగ బిగుసుకుపోయినప్పుడల్లా కుంపట్లో కాల్చి మెత్తబరచుకుని మళ్ళీ అల్లింది. సోమాచారి పక్కనే పీట వేసుకుని మంట రంగు చూసి చెప్పేవాడు. చెయ్యి పోయింది గానీ ఆయన కన్ను పోలేదు, అది కూడా చెప్పుకోవాలి.

రాళ్ళ సంగతికొస్తే, ప్రదీప్ ఇద్దరి సర్టిఫికెట్లూ చూసుకున్నాడు. అతనిది జూన్ పది, షారోన్‌ది జూన్ రెండు. జూన్‌కు ముత్యం. రెండు ముత్యాలు తెచ్చిచ్చాడు. ఇద్దరిదీ ఒకటే నెల కావడం దేవుని చిత్తమని అతనికి భలే సంతోషం. తొమ్మిదోరోజు మధ్యాహ్నానికి ఉంగరం తయారైంది. రెండు చిన్న తట్టల్లో రెండు ముత్యాలు కూర్చున్నాయి. అతుకు ఎక్కడుందో సోమాచారి భూతద్దం పెట్టి వెతికాడు, దొరకలేదు. యాకమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఈ పని నాది అని మనసులో గట్టిగా అనుకుంది. ఆమె జీవితంలో చేసినవాటిలో ఇంత మంచిది ఇంకొకటి లేదు.

మర్నాడు సువార్త చూడ్డానికి వచ్చింది. పెండ్లికి ఇంకా ఆరు రోజులు. ఉంగరం చూసి మురిసిపోయి, ఈ ముత్యాలేంది అక్కా అని అడిగింది. జూన్ నెలకు ముత్యమట అని యాకమ్మ చెప్పింది.

"జూన్ల ఎవలు పుట్టిన్రు? నా కొడుకు నవంబర్ పదిహేడుకు పుట్టిండు. మా బైబిల్ల మొదటి పేజీల రాసి పెట్టిన."

యాకమ్మ చేతిలో ఉంగరం ఆగిపోయింది. ఆమెకు క్షణంలో అంతా అర్థమైంది. బడులు తెరిచేది జూన్‌లో. చేర్పించడానికి పోయిన తల్లిదండ్రులు తేదీ చెప్పలేకపోతే, చెప్పిన తేదీకి వయసు చాలకపోతే, పంతులే ఒక జూన్ తేదీ వేసుకుని పిల్లను కూర్చోబెట్టుకునేవాడు. ఆ జిల్లాల్లో సగం మంది కాగితం మీద జూన్‌లోనే పుట్టారు. యాకమ్మ ఆధార్ కార్డులో అయితే జనవరి ఒకటి ఉంది, ఆమెలాంటి వాళ్ళందరికీ ఉన్నట్టే. ఇన్నేండ్లు ప్రతి ఫారం మీద జూన్ పది రాసి రాసి ప్రదీప్‌కు కూడా అదే నిజమై కూర్చుంది.

మరి షారోన్ సంగతి? ప్రదీప్‌తో ఫోన్ చేయించారు. తల్లి చిన్నప్పుడే పోయిందని, అమ్మమ్మ పెంచిందని, బళ్ళో రాసింది తప్ప తనకు వేరే తేదీ తెలియదని ఆ పిల్ల చెప్పింది. అమ్మమ్మకు ఫోన్‌లో వినబడదట. ప్రదీప్ కాసేపు తల గోక్కుని, పోనీ తీయి పెద్దమ్మా, ముత్యాలు మంచిగానే ఉన్నాయి, ఎవలు చూస్తరు అన్నాడు. సోమాచారిదీ అదే మాట. వాళ్ళు జూన్ అన్నారు, మనం జూన్‌కే చేశాం, తప్పు మనది కాదు అన్నాడు.

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ముత్యానికి కింద చిన్న తట్ట చాలు. వేరే రాయి అయితే చుట్టూ గోడ ఉన్న గూడు కావాలి. అంటే ఉన్నవి ఊడదీసి కొత్తవి అతకాలి. అందులో ఒక తట్ట కిందనే తీగ అతుకు దాగి ఉంది. తట్ట ఊడడానికి మంట పెడితే అతుకు కూడా కరగవచ్చు. కరిగితే ముడి విచ్చుకుంటుంది. ఆరు రోజుల్లో మళ్ళీ మొదటి నుంచి చేయడం ఎవరి తరం కాదు. పెండ్లినాటికి ఉంగరం లేకపోతే దుకాణం పేరు పోతుంది, ఎందుకు పోయిందని తవ్వితే పరదా వెనక సంగతీ బయటపడుతుంది.

యాకమ్మ అంతా విన్నది. ఇద్దరు పుట్టిన నెలలు పెడతామని చెప్పి, ఇద్దరూ పుట్టని నెలను వేలికి తొడిగితే అది ఉత్త బంగారమే అవుతుందన్నది. మర్నాడు పొద్దున్నే సంచి భుజాన వేసుకుని బస్సెక్కింది. ఎందుకంత తొందర, నేను పోతా అని సోమాచారి అన్నా వినలేదు.

జనగామలో దిగి, హన్మకొండ బస్సెక్కి, అక్కడి నుంచి పరకాల మీదుగా రేగొండ. ప్రతి బస్సులో ఆధార్ చూపించి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ తీసుకున్నది. ప్రతిసారీ ఆ జనవరి ఒకటి చూసి ఆమెకు నవ్వొచ్చింది. ఎండ నెత్తికెక్కే వేళకు చర్చి వెనక సందులో షారోన్ అమ్మమ్మ ఇల్లు దొరికింది. ముసలామె పేరు సారక్క. బాప్తిస్మంలో శారమ్మ అని పెట్టారు గానీ పాస్టరు తప్ప ఎవరూ అట్లా పిలవరు. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

యాకమ్మ పక్కన కూర్చుని చెవి దగ్గర గట్టిగా, ఉంగరం సంగతంతా చెప్పింది. ఆమె విని, వచ్చినామెను కిందికీ పైకీ చూసి, నిన్ను అవుసులాయన పంపిండా అని అడిగింది.

ఔనని తలూపితే అయిపోయేది. మూడేండ్ల అలవాటు ప్రకారం తల ఊగబోయింది కూడా. కానీ ఇంత దూరం తనను ఎవరు పంపారు? ఆయన వద్దన్నా తను వచ్చింది.

"ఎవలు పంపలే అవ్వా. ఉంగరం జేసేది నేనే. నా చేతుల్తోనే జేసిన. రాయి తప్పువెట్టి ఇయ్యబుద్ధి కాక వచ్చిన," అన్నది.

 సారక్కకు అది వింతగానే తోచలేదు.  చింతపండు పక్కన పెట్టి మనవరాలు పుట్టిన సంగతి మొదలుపెట్టింది. అది మేడారం జాతర యేడు. బండ్లన్నీ, జీపులన్నీ, ఆఖరికి ఊళ్ళో ఉన్న ఒక్క ఆటో కూడా జాతరకు పోయింది. కూతురికి నొప్పులు మొదలయ్యాయి. దవాఖానకు తీసుకుపోవడానికి బండి దొరకలేదు. సమ్మక్క గద్దె మీదికి వచ్చిన రోజు పొద్దుగూకే వేళ, ఇదే ఇంట్లో, తన చేతుల మీదే షారోన్ పుట్టింది.

"యేసును తలుసుకున్న, సమ్మక్కను సుత తలుసుకున్న. పాస్టరుకు జెప్పకు," అన్నది సారక్క.

జాతర రెండేండ్లకోసారి మాఘ పున్నమికి. షారోన్ వయసును బట్టి ఏ యేడో తెలుసు. ఫోన్ చేసి ప్రదీప్‌ను చూడమంటే, ఆ యేడు మాఘ పున్నమి ఫిబ్రవరిలో పడిందని చెప్పాడు. తిరుగుదారిలో యాకమ్మ హన్మకొండలో రాళ్ళ దుకాణానికి పోయింది. ఫిబ్రవరికి ఊదారంగు అమెథిస్టు, నవంబరుకు తేనెరంగు టోపజు. ఒకటికి పది రాళ్ళు వెలుగులో తిప్పి చూసి, లోపల మచ్చ లేనివి ఏరుకుని కొంగున ముడేసుకుంది.

పెండ్లికి ఇంకా మూడు రోజులుందనగా, పొద్దున స్నానం చేసి కుంపటి ముందు కూర్చున్నది. ముత్యాలు ఊడదీసి, ఉంగరమంతా తడి మట్టితో కప్పేసి తట్ట ఒక్కటే బయటికి ఉంచింది, వేడి మిగతా తీగకు పాకకుండా. ఊదుగొట్టంతో మంటను సూదిమొనలాగా చేసి తట్ట మీదికి ఊదింది. మొదటిది చప్పున వచ్చేసింది. రెండోది, అతుకు మీదిది, ఎంతసేపటికీ కదలలేదు. ఇంకొక్క ఊపిరి ఊదింది. తట్ట ఊడింది, దానితో పాటే అతుకు కూడా వదిలి తీగ కొస టక్కున పైకి లేచింది.

సోమాచారి కండ్లు మూసుకున్నాడు. పోయింది యాకమ్మా అన్నాడు. ఆమె ఊదుగొట్టం కింద పెట్టి, చెంబెడు నీళ్ళు తాగి, ముఖం తుడుచుకుని మళ్ళీ కూర్చున్నది. ఏడవలేదు, మొగుణ్ణి తిట్టలేదు, దేవుళ్ళను పిలవలేదు. విచ్చుకున్నది రెండు మెలికలే. మిగతా ముడి మట్టిలో గట్టిగానే ఉంది. ఆ రెండు మెలికలు విప్పి, కొసలు ఆకురాయితో సాపు చేసి, పైనుంచి కిందికి మళ్ళీ దూర్చి కలిపింది. అతుకు పారడానికి చిటికెడు వెలిగారం, ఆవగింజంత టంకం పెట్టింది. మంట రంగు చెప్పమని మొగుణ్ణి అడిగింది. ఆయన కండ్లు తెరిచి, వంగి చూసి, ఇప్పుడు అన్నాడు. ఊదింది. అతుక్కున్నది.

ఆ రోజు, మర్నాడు, ఆ పైరోజు మధ్యాహ్నం దాకా పట్టింది రెండు గూళ్ళకు. ఊదారాయి, తేనెరాయి పక్కపక్కన కూర్చున్నాక ఉంగరం మునుపటికంటే బాగుంది. సోమాచారి దాన్ని చాలాసేపు చూశాడు. 

గురువారం రేగొండ చర్చిలో పెండ్లి. దేవరుప్పుల నుంచి పెండ్లికొడుకు తరఫువాళ్ళు రెండు బస్సుల్లో వచ్చారు. పాస్టరు ప్రార్థన చేయించాక ప్రదీప్ షారోన్ వేలికి ఉంగరం తొడిగాడు. ఆ పిల్ల ఊదారాయి మీద వేలు పెట్టి అమ్మమ్మ దిక్కు చూసి ఏడ్చేసింది. ఇరవై ఏడేండ్లకు తను పుట్టిన నెల ఆమెకు దొరికింది. వెనక వరసలో నిలబడ్డ యాకమ్మకు కూడా కండ్లు చెమర్చాయి.

భోజనాల దగ్గర అసలు సంగతి జరిగింది. షామియానా కింద ఆడవాళ్ళంతా షారోన్ చెయ్యి పట్టుకుని ఉంగరం తిప్పి తిప్పి చూస్తున్నారు. మగవాళ్ళు సోమాచారి భుజం తడుతున్నారు. దేవరుప్పుల రాజేందర్ అయితే, షోరూములోళ్ళ ముక్కు కోసినవు చారన్నా అని గట్టిగా మెచ్చుకున్నాడు. పెండ్లికూతురి పక్కన కూర్చున్న సారక్కకు సరిగ్గా ఆ మాటే వినబడింది. ఆయనెందుకు చేస్తాడు, చేసినామె మొన్న మా ఇంటికి వచ్చి పోయింది, గదిగో అని వేలు పెట్టి యాకమ్మను చూపించింది.

అందరూ నవ్వారు. ఆమె అవుసులాయన భార్య అవ్వా, చేసింది ఈయన అని రాజేందర్ ముసలామెకు సర్దిచెప్పాడు. యాకమ్మ తల వంచుకుంది. నవ్వులో కలిసి ఆ మాట పోతే పోనీ అనుకుంది. అప్పటికే ఆ షామియానా కింద ఆమె చేసిన పుస్తెలు అయిదారు మెడల్లో ఉన్నాయి. సువార్త ముందే చేయించుకుపోయినవి, ఆ రోజు షారోన్ మెడలో కట్టినవి కూడా ఆమె చేసినవే.

సోమాచారి నవ్వలేదు. బల్ల మీద నీళ్ళు నిండా ఉన్న స్టీలు గ్లాసును కుడిచేత్తో ఎత్తి అందరికీ కనబడేటట్టు ముందుకు చాపాడు. వేళ్ళు వణికాయి. నీళ్ళు చిమ్మి చొక్కా చెయ్యి తడిసింది, ముందున్న విస్తరి తడిసింది. ఆయన గ్లాసు దించలేదు.

"నీళ్ళు ఒలకకుంట పట్టలేని చెయ్యి గంత సన్న తీగ ఎట్ల అల్లుతది? పనిమీద కూసుంటే వణుకు ఆగుతదని మూడేండ్ల సంది మీ అందరితోని అబద్ధమాడిన. ఉంగరం ఆమె జేసింది. ఉంగరమొక్కటే కాదు, మూడేండ్ల సంది మా దుకాణంల నుంచి పోయిన ప్రతి పుస్తె ఆమె చేతిదే. నాకంటె మంచిగ జేస్తది. జెప్పనీకి నాకు సిగ్గయింది. నిన్న ఆ ఉంగరం జూసినంక జెప్పకుంటే సిగ్గనిపించింది."

 వడ్డించేవాళ్ళు ఆగిపోయారు. ఆడవాళ్ళు కొందరు తెలియకుండానే మెడలోకి చెయ్యి పోనిచ్చారు. రాజేందర్ కోడలు జ్యోత్స్న చంకలో ఆరునెలల పిల్లతో ముందు వరసలో ఉంది. రెండేండ్ల కింద ఆమె పెండ్లికి పళ్ళెం పట్టుకొచ్చింది రాజేందరే. అందరి కండ్లూ ఆమె మీద పడ్డాయి. ఆమె చీర కింది నుంచి పుస్తెలు బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని చూసుకుంది.

"గివి సుత నీ చేతియేనా పెద్దమ్మా?"

"నావే బిడ్డా," అన్నది యాకమ్మ.  "తీగ నేనే లాగిన, అతుకు నేనే వెట్టిన."

 జ్యోత్స్న పుస్తెలను రెండు కండ్లకూ అద్దుకుని మళ్ళీ లోపల వేసుకుంది. ఆ తర్వాత ఎవరినీ ఆపలేకపోయారు. నా మట్టెలు, మా బిడ్డ కమ్మలు, మా తమ్ముని పెండ్లాం ముక్కుపుల్ల అని ఒక్కొక్కరూ వచ్చి చూపించసాగారు. యాకమ్మ కండ్లద్దాలు సర్దుకుని ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య తిప్పి చూసి జవాబిచ్చింది. ఇది నాది, ఇది కూడా నాది. ఒకామె మెడలోని పాత గుండ్ల పేరు చూపిస్తే, ఇది ఆయనది, ఆయన చెయ్యి మంచిగున్నప్పటిది, గిట్ల నేను ఇప్పటికీ జేయలేను అన్నది. సోమాచారి ఆ మాట విని తడిసిన చొక్కా చేతితోనే ముఖం తుడుచుకున్నాడు.

 రాజేందర్ చిన్నబిడ్డకు శ్రావణంలో పెండ్లి ఖాయమై ఉంది. ఏం చేయాలో తోచక ఒకసారి సోమాచారినీ, ఒకసారి కోడలినీ చూశాడు. జ్యోత్స్న మామ కండ్లలోకి సూటిగా చూసింది. చివరికి ఆయన గొంతు సవరించుకుని, మరి పుస్తెల పళ్ళెం ఈసారి ఎవలకియ్యాలె చారన్నా అని అడిగాడు.

సోమాచారి నోరు తెరిచేలోపే యాకమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"నా చేతికియ్యి తమ్మీ," అన్నది.